దిండిగల్‌లో పరీక్షకు రాని పద్దెనిమిది వేల మంది

కావేరిపట్టణం, కృష్ణగిరి, హోసూరు వైపు ఉన్న మన తెలుగు కుటుంబాల కోసం ఈసారి గర్భసంచి క్యాన్సర్ గురించి రాస్తున్నాను. ఆడవాళ్ల విషయమని మగవాళ్లు దాటిపోకండి. ఈ జబ్బు చరిత్రలో ఒక పెద్ద ముక్క మన తమిళనాడులోనే జరిగింది. అది మన ఇళ్లలో తెలియాలి.

ముందు అడయార్ సంగతి. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి చెల్లెలు 1923లో క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ దుఃఖాన్ని ఆమె ఆసుపత్రిగా మార్చడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1952లో నెహ్రూ గారు పునాది రాయి వేశారు. 1954 జూన్‌లో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 12 పడకలతో మొదలైంది. 1955లో చేరిన డాక్టర్ శాంత గారు 2021లో కన్నుమూసేదాకా ఆ సంస్థనే అంటిపెట్టుకొని ఉన్నారు. ముందుగా కనుక్కుంటే ఈ జబ్బు నయమవుతుందని జీవితమంతా చెప్పారు.

గర్భసంచిలో క్యాన్సర్ రెండు చోట్ల వస్తుంది. ఒకటి లోపలి పొరలో. ముట్లు ఆగిపోయిన తర్వాత మళ్లీ రక్తం కనిపించడం దానికి ముఖ్యమైన గుర్తు. రెండోది గర్భసంచి ముఖద్వారంలో. మన దేశంలో ఎక్కువగా ప్రాణాలు తీసేది ఇదే. దీనికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్ అని జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్ 1980లలో చూపించారు. అందుకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. దాంపత్య జీవితంలో చాలామందికి సోకే మామూలు వైరస్ ఇది. ఎక్కువమందిలో దానంతట అదే పోతుంది. కాబట్టి ఈ జబ్బు వచ్చిన ఆడమనిషి గుణం గురించి ఎవరూ మాట్లాడే పని లేదు. వైరస్ పోకుండా నిలిచిపోయినా, అది క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. కనుక్కోవడానికి అంత గడువు ఇచ్చే క్యాన్సర్లు తక్కువ.

ఇక దిండిగల్ సంగతి. అటువైపు కూడా మనలాగే ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. 2000 సంవత్సరంలో ఆ జిల్లా పల్లెల్లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. కొన్ని పంచాయతీల్లో 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లను పరీక్షకు పిలిచారు. శిక్షణ పొందిన నర్సులు ముఖద్వారం మీద 4 శాతం అసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటిదే, దూదితో అద్ది చూశారు. తేడా ఉన్న చోటు ఒక నిమిషంలో తెల్లబడుతుంది. కోత లేదు, మత్తు లేదు. ఫలితాలు 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పరీక్షకు పిలిచిన పల్లెల్లో ఈ క్యాన్సర్ 25 శాతం, దానివల్ల మరణాలు 35 శాతం తగ్గాయి. ఖరీదైన యంత్రాలు లేకుండానే ఇంత జరిగింది.

అయితే నన్ను ఆపేసిన లెక్క వేరే ఉంది. పిలిచింది 49,311 మందిని. వచ్చింది 31,343 మంది. అంటే దాదాపు పద్దెనిమిది వేల మంది రాలేదు. పైగా క్యాన్సర్‌కు ముందు దశ బయటపడినవాళ్లలో కూడా నూటికి 28 మంది వైద్యం తీసుకోలేదు. ఎందుకు రాలేదో ఊహించడానికి దూరం పోనక్కరలేదు. మన ఇళ్లలో వినిపించే మాటలు తలుచుకోండి. "నాకేం నొప్పి లేదు కదా", "ఒకరోజు కూలి పోతుంది", "సిగ్గు", "ఆయన ఏమంటారో".

ఇంకో సంగతి కూడా దాచకూడదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం జరిగింది. చాలామంది హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారని తేలింది. 2010లో అది ఆగిపోయింది. అక్కడ జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయినా చెప్పకుండా, అడగకుండా చేసినందుకు నమ్మకం పోయింది. ఇప్పుడు తమిళనాడు ప్రభుత్వం 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకా వేయిస్తామని 2025 బడ్జెట్‌లో ప్రకటించింది. టీకా మంచిదే. కానీ తల్లికి, పిల్లకు ముందు అర్థమయ్యేలా చెప్పాలి. ఆ పని మనలాంటి సంఘాలు చేయగలవు.

2021 ఆగస్టు 5న 'మక్కళై తేడి మరుత్తువం' పథకం మొదలైంది మన జిల్లాలోని సామనపల్లిలోనే. బీపీ, షుగర్ మాత్రలు గడప దగ్గరికి వస్తున్నాయి. గర్భసంచి పరీక్షకు మాత్రం మనమే గడప దాటాలి.

30 ఏళ్లు దాటిన అక్కచెల్లెళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్ష అడగండి, డబ్బు కట్టక్కరలేదు. ముట్టుకూ ముట్టుకూ మధ్య రక్తం, కలయిక తర్వాత రక్తం, ముట్లు ఆగాక రక్తం, వాసనతో తెల్లబట్ట, వీటిలో ఏది కనిపించినా పరీక్ష రోజు కోసం ఆగకుండా డాక్టరును కలవండి. అన్నదమ్ములకు ఒక మాట. ఆ రోజు పొయ్యి పని మీరు చూసుకోండి, ఆమెను బండి మీద తీసుకెళ్లండి. ఒంటరిగా వెళ్లడానికి జంకేవాళ్లు ఉంటే మన సంఘం ఆడవాళ్లకు చెప్పండి, నలుగురూ కలిసి ఒకే రోజు వెళ్లొచ్చు.