గళ్లు పడ్డ బొమ్మ వెనక కామిశెట్టి వారు

సినిమా సీడీ మీద గీత పడితే బొమ్మ చదరపు గళ్లుగా విడిపోయి ఆగిపోతుంది. మా శ్రీకాకుళం జిల్లాలో నందిగాం నుంచి పలాస దాకా పాత కంప్యూటర్ ఉన్న ఇళ్లలో అందరూ చూసిందే. ఆ గళ్ల లెక్క కట్టిన ముగ్గురిలో ఒకరి ఇంటిపేరు కామిశెట్టి అని తెలిసినప్పుడు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు.

ఆయన పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం, ఆర్లింగ్టన్‌లో ఆచార్యుడిగా పనిచేశారు. మిగతా ఇద్దరు బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన దగ్గర పరిశోధన చేసిన టి. నటరాజన్. దేన్నయినా చిన్నాపెద్దా అలల కలయికగా రాయవచ్చని ఫ్రాన్సులో ఫూరియే 1822లోనే పుస్తకం వేశాడు. ఆ దారిలో బొమ్మను కుదించవచ్చని అహ్మద్‌కు తోచింది. 1972లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగితే, మరీ తేలిక ఆలోచన అని పక్కన పెట్టేశారు. ఆయన పని మానలేదు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్’ వ్యాసం అచ్చయింది. మొత్తం నాలుగు పేజీలు. నిధులు దక్కని ఆ నాలుగు పేజీలే ఇవాళ ఫోన్లో ఫొటో దాచే పద్ధతికీ మూలం. మన పాఠ్యపుస్తకాల్లో ఈ ముగ్గురి పేర్లు ఉండాలని నా కోరిక.

వాళ్ల లెక్కను వీడియో సీడీకి వాడేటప్పుడు బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలో మెల్లగా మారే రంగును ఉంచి, కంటికి ఆనని సన్న వివరాన్ని వదిలేస్తారు. ఇలాంటి పొదుపులు లేకపోతే 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మ, సెకనుకు 25 చొప్పున, 650 ఎంబీ సీడీలో నిమిషమున్నరకు మించి పట్టదు. పొదుపులతో 74 నిమిషాలు పట్టింది. 1993లో ఫిలిప్స్, సోనీ, మత్సుషితా, జేవీసీ కలిసి తెచ్చిన వీడియో సీడీ (వీసీడీ)లో పట్టేది ఇంతే. రెండున్నర గంటలకు కాస్త తక్కువ ఉండే తెలుగు సినిమా రెండు సీడీల్లో వచ్చేది. మరీ పెద్దదైతే మూడు.

ఇంకో వింత. అదే సీడీలో ఫైళ్లు పెడితే ఒక్కో సెక్టారులో 2,048 బైట్లు. సినిమా పెడితే 2,324. అదనపు చోటు ఎక్కడిదంటే, తప్పులు దిద్దడానికి ఉంచిన రెండో అంచె కాపలాను తీసేయడం వల్ల వచ్చింది. ఉత్తరంలో ఒక్క అక్షరం పోయినా అర్థం మారుతుంది, సినిమాలో ఒక చుక్క పోతే రెప్పపాటులో దాటిపోతుందని అలా చేశారు. గీత పడ్డ చోట గళ్లు బయటపడేది అందుకే.

ఆ గళ్లను మళ్లీ బొమ్మగా కూర్చడం 486 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్లకు మోయలేని పని. అందుకోసం వేరే కార్డు పెట్టాల్సి వచ్చేది. పెంటియం ప్రాసెసర్ వచ్చాక ఆ కార్డు అక్కర్లేకపోయింది. డీవీడీ వచ్చి బరువు మళ్లీ పెంచింది.

ప్రాసెసర్ బలంగా ఉన్నా బొమ్మ ఆగడానికి ఇంకో కారణం ఉండేది. విండోస్ ఎక్స్‌పీ సంగతి మరీ విచిత్రం. డ్రైవు నుంచి చదవడంలో తప్పులు ఆరు చేరితే ఆ డ్రైవు వేగాన్ని అది మెట్టుమెట్టుగా దించుతుంది. చివరికి ప్రాసెసర్ మీద భారం లేకుండా డేటా తెచ్చే డీఎంఏ పద్ధతి పోయి పీఐఓ పద్ధతి మిగులుతుంది. అప్పుడు ప్రాసెసరే ప్రతి బైటునూ స్వయంగా మోయాలి. గీతల సీడీ తీసేసి కొత్తది పెట్టినా బొమ్మ ఆగుతూనే ఉంటుంది. ర్యామ్ మార్చాలేమో అనుకుని డబ్బు పోసేవారు. నిజానికి డివైస్ మేనేజర్‌లో ఆ డ్రైవు ఉన్న ఐడీఈ ఛానల్‌ను తీసేసి కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేస్తే చాలు, డీఎంఏ తిరిగి వస్తుంది. ఖర్చు సున్నా.

ఆ సీడీల కాలం త్వరగానే గడిచిపోయింది. 2007 ప్రాంతంలో సీడీలు తయారుచేసే మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకే అమ్మింది. 2018లో ఆ సంస్థే దివాలా తీసి మూతపడింది. అదే ఏడాది అక్టోబరులో తిత్లీ తుపానుకు మా జిల్లాలోని ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. తోటల నష్టానికి లెక్క కట్టారు. తడిసిన ఇళ్లలోని పెళ్లి సీడీల లెక్క ఎవరు రాస్తారు? సినిమా అయితే ఎక్కడో ఒకచోట మరో కాపీ దొరుకుతుంది. మనవాళ్ల పెళ్లి, నడిచి తిరిగిన తాతమ్మల రూపం ఆ ఒక్క సీడీలోనే ఉంటాయి.

అందుకే చెబుతున్నాను. సీడీని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా రుద్దకండి. వీసీడీలో ఎంపెగ్‌ఏవీ (MPEGAV) ఫోల్డరులోని .DAT ఫైలును హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, ఉచితంగా దొరికే వీఎల్‌సీలో వేయండి, సాఫీగా ఆడుతుంది. ఆ ఫైలును ఇంకో చోట కూడా ఉంచండి. డ్రైవు పనిచేస్తున్నప్పుడే, వానాకాలం రాకముందే చేయండి.