శిస్తు లెక్కల్లో గోదావరి

శిస్తు రావడం లేదు. రాజమండ్రి జిల్లా గురించి మద్రాసు సెయింట్ జార్జి కోటలో కూర్చున్న ఈస్టిండియా కంపెనీ దొరలకు పట్టుకున్న దిగులల్లా అదే. నందన నామ సంవత్సరంలో వానలు మొహం చాటేశాయి. ఆ కరువుకు 1833లో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. 1839లో ఉప్పెన వచ్చి కోరంగిని ముంచేసింది. ఇంజరంలోనూ మాధవాయపాలెంలోనూ బట్టల కొనుగోలు ఎత్తేసి, మగ్గం మీద బతికేవాళ్ల కూడు స్వయంగా కంపెనీయే పోగొట్టింది. 1821లో 7 లక్షలు దాటి ఉన్న జిల్లా జనం 1841 నాటికి 6 లక్షల లోపుకు దిగిపోయారు. ఇంతా జరుగుతుంటే పక్కనే గోదావరి పారుతోంది, పోయి సముద్రంలో కలుస్తోంది.

సంగతేమిటో చూడమని హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారిని పురమాయించారు. 1844లో ఆయన తేల్చి చెప్పింది ఒకటే: సాగునీటి ఏర్పాటు లేనిదే ఈ జిల్లా కోలుకోదు, ఆ పని తెలిసిన ఇంజనీరును పంపండి.

నిజానికి ఈ ఊహ కొత్తదేమీ కాదు. అప్పటికి యాభై ఏళ్ల కిందటే కంపెనీ సర్వేయరు మైకేల్ టాపింగ్ గోదావరి, కృష్ణ నీళ్లను పొలాలకు మళ్లించవచ్చని రాశాడు. 1796లో ఆయన మచిలీపట్నంలో కన్నుమూశాడు. కాగితం అలాగే పడి ఉంది. మన ఆఫీసుల్లో ఇలాంటివి ఎన్ని లేవు!

ఈసారి పని ఇంజనీరు ఆర్థర్ కాటన్ మీద పడింది. ఆయన ఒంట్లో బాగాలేక, గాలి మార్పు కోసం విశాఖపట్నం వచ్చి, అక్కడ ఒక చర్చి కట్టే పని చూస్తున్నాడు. కావేరి దేశంలో 1836లోనే కొల్లిడం మీద ఆనకట్టలు కట్టిన అనుభవం ఉంది. ఒప్పుకున్నాడు.

ఆనకట్టకు ఆయన ఎంచుకున్న ధవళేశ్వరం దగ్గర గోదావరి నాలుగు పాయలు. మధ్యలో మూడు లంకలు. ఎంత లోతు తవ్వినా ఇసకే తప్ప రాయి తగలదు. పక్కన నిలబడ్డ పడవవాడు ఆ మాట అడిగే ఉంటాడని నా ఊహ: "ఇసక మీద గోడేటండి దొరగారూ? వరదొత్తే ఉంటాదాండీ?"

జవాబు కాటన్‌కు ముందే తెలుసు. చోళులు కావేరి మీద కట్టిన కల్లణై అడుగు తెలియని ఇసకలోనే శతాబ్దాలుగా నిలబడి ఉంది. రాళ్లు ఇసకలోకి దిగే కొద్దీ పైన మళ్లీ రాళ్లు వేస్తూ పోవాలి; చివరికి దిగడం ఆగుతుంది. ఈ కిటుకు ఈ దేశపు వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయన దాచుకోకుండా చెప్పాడు. ఇక ధవళేశ్వరంలో రాతి గుట్ట ఏటి ఒడ్డునే ఉంది. కలప ఎగువ అడవుల నుంచి నీళ్ల మీదే తేలుతూ వస్తుంది. నది వెడల్పులో చాలా భాగం లంకలే ఆక్రమించాయి కాబట్టి గోడ అంతటా కట్టనక్కర్లేదు, నాలుగు ముక్కలు చాలు.

1844 ఆగస్టులో మొదటి నివేదిక పంపాడు. జనం ఆకలి గురించి కాటన్‌కు నిజంగానే బాధ ఉంది. కానీ కంపెనీ అన్నది వ్యాపార సంస్థ. ఆకలి దానికి ఖర్చు పద్దు కిందే వస్తుంది. అందుకని ఆయన తంజావూరును తెచ్చి రాజమండ్రి పక్కన నిలబెట్టాడు. అదీ డెల్టాయే, ఇదీ డెల్టాయే. అక్కడ కాలువలున్నాయి, శిస్తు దండిగా వస్తోంది. ఇక్కడ అంతకన్నా పెద్ద నది ఉండీ ఖజానా ఖాళీ. దయ చూపమని వేడుకోవడం కన్నా ఈ పోలికే గట్టిగా పనిచేసిందని నాకనిపిస్తుంది.

1845 ఏప్రిల్లో రెండో నివేదిక వెళ్లింది. స్థలం ఇది, పద్ధతి ఇది, ఆనకట్టకు అంచనా సుమారు 4.75 లక్షల రూపాయలు. అప్పటి గవర్నరు ట్వీడేల్ ప్రభువు. అయితే ఇంత సొమ్ముకు మద్రాసు మాట చాలదు. లండన్‌లో కంపెనీ డైరెక్టర్ల కోర్టు సరేననాలి. ఫైలు సముద్రాలు దాటి వెళ్లాలి, జవాబు అవే సముద్రాలు దాటి రావాలి. ఏడాదిన్నర పైనే పట్టింది. మంజూరు అయింది 1846 డిసెంబరులో.

మంజూరు చేతికి రావడం వేరు, మనుషులు రావడం వేరు. కాటన్ అడిగింది అరడజను మంది ఇంజనీరు అధికారులను, వాళ్ల కింద మరికొందరిని. వచ్చింది పని నేర్పుకోవాల్సిన ఒక కుర్ర అధికారి, ఇద్దరు అప్రెంటిస్‌లు, కొద్దిమంది సర్వేయర్లు. "సిబ్బంది తర్వాత చూద్దాం" అనే పై అధికారులు ఇవాళే పుట్టలేదు. 1847లో పని మొదలైంది. కూలీలను కూడగట్టడం, వాళ్లచేత పని చేయించడం వీణెం వీరన్న అనే మనవాడు భుజాన వేసుకున్నాడు. రాళ్లు మోసే జనం వేలల్లోకి పెరిగారు.

1848లో కాటన్ జబ్బుపడి ఆస్ట్రేలియా వెళ్లిపోవలసి వచ్చింది. ఇలాంటి చోటే చాలా పనులు కుంటుపడతాయి. ఇది ఆగలేదు. కెప్టెన్ ఓర్ అనే అధికారి అందుకున్నాడు. కాటన్ 1850లో తిరిగి వచ్చేదాకా నడిపించాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

అప్పటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట ఆలోచన ఏళ్ల తరబడి నలుగుతూ ఉంది. దానికీ మంజూరు దొరికింది. ఆ పని మీదకు ఓర్‌నే పంపారు.