సెయింట్ క్లెయిర్ లంకలు

అమెరికా, కెనడాల మధ్య పారే సెయింట్ క్లెయిర్ నదికి మా గోదావరి లాంటి వరద తెలియదు. సార్నియాలో బ్లూవాటర్ బ్రిడ్జి కింద ఏ నెలలో చూసినా, సగటున 1.8 లక్షల క్యూసెక్కుల నీరు హ్యూరాన్ సరస్సులోంచి దక్షిణానికి పరుగెడుతూనే ఉంటుంది. కోనసీమలో పుట్టిన నాకు మొదట్లో ఇదసలు నదిలాగే అనిపించలేదు. ఏరంటే వేసవిలో ఇసుక తిన్నెలు, శ్రావణంలో ఎర్రనీళ్లు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి గోదావరి మా లంకల్ని ముంచేసింది. చిత్రమేమిటంటే అదే ఏడు అక్టోబరులో హ్యూరాన్ కూడా రికార్డు మట్టానికి ఎక్కింది. మా వరద రోజుల్లో దిగిపోయింది. సరస్సు దిగడానికి నెలలు పట్టింది.

ఈ నది పొడవు 64 కిలోమీటర్లే. చివర్లో పాయలుగా చీలి, సెయింట్ క్లెయిర్ సరస్సులోకి పక్షి పాదంలా వేళ్లు చాచుకుంటుంది. మహాసరస్సుల ప్రాంతంలో ఇంత పెద్ద డెల్టా ఇంకొకటి లేదు. కెనడా వైపు లంకలు వాల్‌పోల్ ఐలాండ్ ఫస్ట్ నేషన్‌వి. ఓజిబ్వే, ఒడావా, పొటవాటమీ జనం ఈ నేలని ఏ ఒప్పందంలోనూ వదులుకోలేదు. చేపలు, బాతులు, కస్తూరి ఎలుకలు వాళ్ల జీవనంలో భాగం.

గోదావరి డెల్టా ఒండ్రు పంట. ఇక్కడ ఒండ్రెక్కడిది? నది పుట్టేదే సరస్సులోంచి కాబట్టి మట్టి అంతా పైనే పేరుకుపోతుంది. హ్యూరాన్ ఒడ్డున కోసుకొచ్చిన ఇసుక మాత్రం కిందికి దిగుతుంది. వేల ఏళ్ల కిందట సరస్సు ఇంకా ఎత్తులో ఉన్నప్పుడు వేసిన మేటలే ఈ లంకల్లో చాలావరకు. పాత సరస్సు బంకమట్టి మీద పలచటి ఇసుక పొర, దాని మీద జమ్ము, తుంగ. నేల నీటికి కాస్తే ఎత్తు. అందుకే మట్టం జానెడు మారినా ఒడ్డు ఎంతో దూరం జరుగుతుంది.

ఆ మార్పులు జమ్ముకి మంచివే. నీరు దిగినప్పుడు బురదలో నిద్రపోతున్న విత్తనాలు మొలుస్తాయి, పెరిగినప్పుడు ముదురు జమ్ము చచ్చి మధ్యలో బాతులకి చోటు దొరుకుతుంది. కానీ 2013 జనవరిలో హ్యూరాన్ నమోదైన చరిత్రలోనే అతి తక్కువ మట్టానికి జారింది. అలా నీళ్లు వెనక్కి పోయినప్పుడల్లా తేలిన బురదలో ఇప్పుడు మొలిచేది జమ్ము కాదు, బయటినుంచి వచ్చిపడిన కిక్కిస. కొల్లేరు వాళ్లకి దాని సంగతి చెప్పక్కర్లేదు. ఒకసారి వేరూనితే మనిషికి రెండింతల ఎత్తు లేస్తుంది, తాబేలుకీ దారివ్వదు. 2020లో నీళ్లు మళ్లీ రికార్డులు దాటాయి. అయినా కిక్కిస పోలేదు.

చలికాలపు మంచుదీ ఓ కథ. 1984 ఏప్రిల్‌లో హ్యూరాన్ మంచు గడ్డలు కొట్టుకొచ్చి నదిలో అడ్డుకున్నాయి. ఓడలు 24 రోజులు ఆగిపోయాయి. పైన నీళ్లు పేరుకున్నాయి, దిగువ సరస్సులో నీరు తగ్గిపోయింది.

మంచు సంగతి సరే, మనిషి చేసిందేమిటి? పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచే ఓడల కోసం తవ్వారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నదిలోంచి కంకర కూడా ఎత్తుకుపోయారు. 1962 నాటికి కాలువ లోతు 27 అడుగులకి చేర్చారు, డెల్టాలో వంపు తిరగలేని పెద్ద ఓడల కోసం కొత్త పాయ నేరుగా కోశారు. నది నోరు పెద్దదైంది కాబట్టి హ్యూరాన్, మిషిగన్ సరస్సులు శాశ్వతంగా సుమారు 40 సెంటీమీటర్లు కుంగాయని అంచనా. నదీగర్భంలో అడ్డుకట్టలు వేసి ఆ నష్టం పూడ్చాలన్న మాట దశాబ్దాలుగా వినబడుతోంది. అనుమతులు కూడా వచ్చాయి. కట్టలు పడలేదు.

పడితే మంచిదేనా అంటే, నాకు అనుమానమే. హ్యూరాన్‌ని పైకెత్తాలంటే అది నిండేదాకా కిందికి వదిలే నీరు తగ్గించాలి. ఆ కొన్నేళ్లూ ఎండేది ఈ లంకలే. హ్యూరాన్‌లోని జార్జియన్ బే ఒడ్డున సెలవు ఇళ్లున్నవాళ్ల కోరికకి మూల్యం వాల్‌పోల్ చెల్లించాలి. ఎగువ డ్యాములు నిండేదాకా దిగువ రైతు నారుమడి ఆపుకుని కూర్చోవడమంటే ఏమిటో కృష్ణా డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు. అక్కడ కనీసం రెండు ప్రభుత్వాలు కొట్లాడుకుంటాయి. ఇక్కడ ఒట్టావా, వాషింగ్టన్ మాట్లాడుకునే బల్ల దగ్గర లంకవాసులకి కుర్చీ వేయాలన్న ఆలోచనే ఈమధ్య పుట్టింది.