కొండదారి సైకిలు – వెనుక కీళ్ల చరిత్ర

విద్యుత్ మోటారు గల కొండదారి సైకిళ్లలో, సీటునకు దిగువన, వెనుక చక్రమునకు ముందు, అరచేతిలో ఇమిడెడి అల్యూమినియపు తునక యొకటి ఉండును. దానికి మూడు కీళ్లు. ఒకటి చట్రమునకు, ఒకటి వెనుక చక్రమును మోయు దండములకు, మూడవది స్ప్రింగునకు. వాడుకలో దీనిని రాకరనియు, లింకనియు పిలుతురు. సైకిలు బరువు 24, 25 కిలోగ్రాములుండగా దీని బరువు కొన్ని వందల గ్రాములే. అయినను క్రొత్త సైకిలు కొన్న ఔత్సాహికులలో కొందరు మొట్టమొదట విప్పి ప్రక్కన పెట్టునది దీనినే. దాని స్థానమున వేరొకరు తయారుచేసిన మరియొక తునకను బిగింతురు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో కవలపిల్లలవలె నుండును. కీళ్ల నడుమ దూరములలో కొన్ని మిల్లీమీటర్ల భేదము తప్ప మరేమియు కానరాదు. త్రొక్కువానికి మాత్రము సైకిలే మారినట్లు తోచును.

ఈ మార్పు ఏల కలుగునో తెలియుటకు కొంత వెనుకకు పోవలెను. ఈ తునకలో నూరేండ్లకు పైబడిన తగవొకటి ఇమిడియున్నది. స్ప్రింగు త్రొక్కువానిని కాపాడునా, లేక వాని కష్టమును దోచుకొనునా అనునదే ఆ తగవు.

సైకిలునకు ఇంజను మనుష్యుడు. ఆ ఇంజను మిక్కిలి బలహీనమైనది. ఆరోగ్యవంతుడైన సామాన్యుడు గంటసేపు ఎడతెగక ఇయ్యగలిగినది సుమారు 100 వాట్ల సామర్థ్యము. చక్కగా సాధన చేసినవాడు 250 వాట్ల వరకు ఇయ్యగలడు. ఒక అశ్వసామర్థ్యము 746 వాట్లని తలచినచో ఇది ఎంత స్వల్పమో తెలియును. పైగా ఈ శక్తి ధారగా రాదు. పెడలు ఒక చుట్టు తిరుగులోపల ఎడమకాలి త్రోపొకటి, కుడికాలి త్రోపొకటి. మెత్తని స్ప్రింగుపై కూర్చొని ఇట్లు త్రోసినచో ప్రతి త్రోపునకు సైకిలు క్రుంగి లేచుచుండును. ఆ క్రుంగి లేచుటలో వ్యయమగు శక్తి చక్రమునకు చేరక, కుదుపుల నణచు సాధనములో వేడిమిగా మారిపోవును. మోటారుకారునకు ఈ నష్టము లెక్కలోనిది కాదు. 100 వాట్లు గల మనుష్యునకు మాత్రము నాలుగైదు వాట్లు పోయినను బాధయే.

1885లో లండనునందలి లిన్లీ, బిగ్స్ అనువారు ‘విప్పెట్’ అను స్ప్రింగు చట్రపు సైకిలును అమ్మకమునకు తెచ్చిరి. జాన్ కెంప్ స్టార్లీ తన రోవరు సైకిలుతో నేటి సైకిలు రూపమునకు పునాది వేసినదియు ఆ యేడే. ఆనాటి చక్రములకు గట్టి రబ్బరు టైర్లు. రోడ్లపై రాళ్లు. విప్పెట్ కర్తలు చేసిన యోచన మెచ్చదగినది. సీటు, హ్యాండిలు, పెడళ్లు ఈ మూడింటి నడుమ దూరములు ఎన్నడును మారకుండునట్లు ఆ మూడింటిని ఒకే కూర్పుగా చేసి, దానిని చక్రములనుండి ఒక బలమైన చుట్టల స్ప్రింగుతో వేరుపరచిరి. కాలికిని పెడలుకును గల సంబంధము చెడనిదే త్రొక్కుట సాగునని వారు గ్రహించిరి. నేటి నిర్మాతలు కోరునదియు ఇదే.

విప్పెట్ వర్ధిల్లకపోవుటకు కారణము దాని లోపము కాదు. 1888లో బెల్‌ఫాస్టునందు పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి టైరు తొడిగెను. 1889లో ఆ ఊరి పందెములలో విలియం హ్యూమ్ ఆ టైర్లతో గెలిచిన పిమ్మట గట్టి టైర్ల కాలము ముగియజొచ్చెను. (గాలి టైరునకు రాబర్ట్ విలియం థామ్సన్ 1840 దశాబ్దముననే పేటెంటు పొందియుండెను. లోకము దానిని మరచినది.) గాలి టైరు తానే స్ప్రింగు. అది త్రొక్కువాని కష్టమును దోచుకొనకపోగా మిగిల్చినది. చిన్నచిన్న రాళ్లపై సైకిలంతయు ఎగిరిపడనక్కర లేకుండ టైరు మాత్రమే నొక్కుకొని సాగిపోవును. కీళ్లు, కమానులు, స్ప్రింగులు అనావశ్యకములైనవి. తరువాత డెబ్బది యేండ్లు సైకిలు స్ప్రింగు ఊసు పెద్దగా లేదు. 1962లో ఇంగ్లండునందు అలెక్స్ మౌల్టన్ చిన్న చక్రముల సైకిలునకు ముందు వెనుకల సస్పెన్షను అమర్చెను. వెనుక నుంచినది రబ్బరు స్ప్రింగు. మినీ కారు రబ్బరు సస్పెన్షను ఆయన చేసినదే. అది పట్టణపు రోడ్ల సైకిలు గనుక దాని కథ ఇచట ఇంతతో చాలును.

తగవు తిరిగి రేగినది కాలిఫోర్నియాలో. మారిన్ ప్రాంతపు కొండలలో కొందరు యువకులు పాతకాలపు బరువైన సైకిళ్లు సంపాదించి, మట్టిదారులవెంట దిగుచుండిరి. 1976లో వారు ఒక పందెము మొదలిడిరి. సుమారు 400 మీటర్ల ఎత్తునుండి మూడు కిలోమీటర్లకు పైబడిన దారిలో దిగుట. వెనుక చక్రపు బ్రేకు నాభిలోపల నుండుటచే, దిగుసరికి అందలి గ్రీజు కాలి పొగయై పోయెడిది. ప్రతి పరుగు తరువాత నాభిని విప్పి మరల గ్రీజు కూరవలసి వచ్చెను. అందుచేతనే ఆ పందెమునకు ‘రీప్యాక్’ అను పేరు స్థిరపడినది. 1977లో జో బ్రీజ్ ఈ పనికై ప్రత్యేకముగా చట్రములు కట్టెను. కొండదారి సైకిలు పుట్టినది.

ఇట్టి దారులలో గాలి టైరొక్కటే చాలదు. 1989లో పాల్ టర్నరు రాక్ షాక్స్ అను ముందు ఫోర్కును అమ్మకమునకు తెచ్చెను. మరుసటి సంవత్సరము కొలరాడో రాష్ట్రపు డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీలలో గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతో దిగుడు పందెము గెలిచెను. ముందు చక్రపు సమస్య అంతటితో దారిన పడినది. వెనుక చక్రము అట్లు లొంగలేదు. ఏలయన ముందు చక్రము ఊరక దొర్లును. వెనుక చక్రమునకు గొలుసు కలదు. చక్రము పైకి లేచినపుడు ఇరుసునకును పెడళ్ల కుదురునకును నడుమ దూరము పెరిగినచో గొలుసు బిగిసి పెడలును వెనుకకు లాగును. అది కాలికి తగులును. గొలుసును గట్టిగా లాగినపుడు, కీలున్న చోటునుబట్టి, స్ప్రింగు క్రుంగుటయో సాగుటయో జరుగును. కీలు రెండంగుళములు పైనున్న నొక గుణము, క్రిందనున్న వేరొక గుణము.

ఈ చిక్కును మోటారుసైకిలువారు అంతకు ముందే ఎరుగుదురు. బెల్జియము ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ వెనుక నుండెడి రెండు షాకులకు బదులు ఒకే షాకును చట్రములోపల దాచు పద్ధతిని కల్పించెను. యమహా దానిని గైకొనెను. 1973లో హాకన్ ఆండర్సన్ ఆ బండితో 250 సి.సి. మోటోక్రాస్ ప్రపంచ విజేత అయ్యెను. షాకు ఒక్కటైన పిదప దానికిని చక్రమునకును నడుమ ఒక రాకరు నుంచుట సులభమైనది. 1981లో హోండా ‘ప్రో-లింకు’ అను పేర అట్టిదానిని తన మోటోక్రాస్ బండ్లలో అమర్చెను. నేటి సైకిలులోని అల్యూమినియపు తునకకు ఇదే దగ్గరి పూర్వికుడు.

ఆ రంగమునుండి సైకిలునకు వచ్చినవాడు హోర్స్ట్ లైట్నర్. ఆస్ట్రియావాడు, మోటోక్రాస్ పందెగాడు. కాలిఫోర్నియాలో స్థిరపడి 1980 దశాబ్దమున మోటారుసైకిళ్లలో గొలుసు లాగుడు సస్పెన్షనును చెరుపకుండునట్లు ఒక సాధనము చేసి, దాని పేరనే బండ్లను కట్టినవాడు. గొలుసు లక్షణమును అంతగా తరచి చూచినవారు అరుదు. ఆయన సైకిలులో చేసిన పని చూచుటకు అల్పము. వెనుక ఇరుసునకు కొంచెము ముందు, క్రింది దండములో ఒక కీలు పెట్టెను. అంతవరకు ఇరుసు పెద్ద కీలు చుట్టును వృత్తఖండముగా తిరుగుచుండెను. ఈ చిన్న కీలుతో అది ఆ వృత్తమునుండి విడివడినది. చట్రము, క్రింది దండము, పై దండము, రాకరు – నాలుగును నాలుగు కీళ్లతో కలిసి ఒక చతుర్భుజమైనవి. ఇరుసు పోవు దారిని ఇక నిర్మాత తన ఇష్టము వచ్చినట్లు గీయవచ్చును. బ్రేకు బలము సస్పెన్షనును బిగబట్టుటయు తగ్గినది. 1998లో స్పెషలైజ్డ్ కంపెనీ ఆ పేటెంటును కొనెను. అది చెల్లినంతకాలము ఇతరులు దానిని తప్పించుకొనుటకై వేరువేరు దారులు త్రొక్కిరి. కీలు కొద్దిగా స్థలము మార్చినవారు కొందరు, రెండు పొట్టి లింకులతో ఊహాకీలును కల్పించినవారు కొందరు. పేటెంటు లేకున్నచో ఇన్ని రకములు పుట్టియుండునా అనునది సందేహమే. తరువాతి దశాబ్దమున డేవ్ వీగిల్ గొలుసు లాగుడునే ఆయుధముగా మార్చెను. వేగము హెచ్చునపుడు బరువు వెనుకకు మ్రొగ్గి స్ప్రింగును క్రుంగదీయును. గొలుసు లాగుడు దానికి ఎదురుగా పనిచేయునట్లు లింకులను అమర్చినచో రెండును సరిపోవును. ఆ అమరిక గల సైకిలుపై సామ్ హిల్ 2006, 2007 సంవత్సరములలో దిగుడు పందెపు ప్రపంచ విజేత అయ్యెను.

ఇక ఆ తునకను మార్చినచో మారునదేమి? ఏతము త్రొక్కుట చూచినవారికి ఇది సుబోధము. ఏతపు మ్రానుపై మనిషి ఆధారమునకు దగ్గరగా నిలిచినచో నీటితో నిండిన బాన లేవదు. దూరముగా నడచినకొలది అదే మనిషి బరువు ఎక్కువ పని చేయును. లింకులోని చమత్కారమేమనగా, ఆ నడక ఇచట తనంతట తానే జరుగును. చక్రము లేచినకొలది తునక తిరుగును. తిరిగినకొలది స్ప్రింగు దాని నంటిపట్టుకొను దూరము మారును.

ఒక సైకిలులో వెనుక చక్రము 150 మిల్లీమీటర్లు లేచులోపల షాకు 60 మిల్లీమీటర్లు నొక్కుకొనుననుకొందము. రెంటి నిష్పత్తి 2.5. అనగా చక్రముపై పడిన బలమునకు సగటున రెండున్నర రెట్లు షాకు మోయుచున్నది. చక్రమువద్ద తోచు గట్టిదనము ఈ నిష్పత్తి వర్గమునుబట్టి తగ్గును. నిష్పత్తి మొదట 3.0 ఉండి చివరకు 2.4 అయినచో, వాని వర్గములు 9, 5.76. అదే స్ప్రింగు చివరకు వచ్చుసరికి ఒకటిన్నర రెట్లకు పైగా గట్టిపడినట్లు చక్రమునకు తోచును. నిష్పత్తి మారుటవలన వచ్చు మరియొక అంశమును కూడ కలిపినచో ఈ గట్టిదనము ఇంకను హెచ్చును. మొదట మెత్తదనము, చివర గట్టిదనము – చిన్నరాయి తెలియదు, పెద్దగుంట అడుగు తగలదు.

కొందరు నిర్మాతలు ఈ పనిని లింకుచేత కొంతయే చేయించి, తక్కినదానిని గాలికి వదలిరి. గాలి షాకులోని గాలి సగమునకు నొక్కబడినపుడు పీడనము రెట్టింపునకు తగ్గదు. కావున అది స్వభావముచేతనే చివర బిగియును. చుట్టల స్ప్రింగునకు ఆ గుణము లేదు. 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రము ననుసరించి అది నొక్కినంతమేరకే ఎదిరించును. అయితే దానిలో ఘర్షణ తక్కువ. చిన్న రాళ్లకు వెంటనే కదలును. అందుచే గాలి షాకు తీసి చుట్టల స్ప్రింగు వేయగోరువారు చాలమంది. గాలికై లెక్కించిన లింకును అట్లే ఉంచినచో పెద్దదూకుడున షాకు అడుగు తగిలి ఢక్కుమనును. క్రొత్త తునక అవసరము ఇచటనే పుట్టినది.

విద్యుత్ మోటారు వచ్చి ఈ లెక్కలన్నిటిని కదిలించినది. విద్యుత్ సైకిలు క్రొత్తది కాదు. 1895లో అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ పేటెంటు పొందిన సైకిలున మోటారు వెనుక చక్రపు నాభిలోనే యుండెను. త్రొక్కినపుడే తోడుపడు మోటారు గల సైకిలును యమహా 1993లో జపానున అమ్మకమునకు తెచ్చెను. 2010 తరువాత, మోటారును పెడళ్ల కుదురువద్ద అమర్చిన కొండదారి సైకిళ్లు ఐరోపాలో వ్యాపించెను. 2019లో కెనడాలోని మాంట్-సెయింట్-ఆన్ వద్ద వానికి తొలి ప్రపంచ పోటీ జరిగెను.

ఐరోపా నిబంధన ప్రకారము ఈ మోటారు ఎడతెగక ఇయ్యవలసినది 250 వాట్లకు మించరాదు. వేగము గంటకు 25 కిలోమీటర్లు చేరగానే తోడు ఆగిపోవలెను. 250 వాట్లనగా సాధన చేసిన మరియొక మనిషి వెనుక కూర్చొని త్రొక్కినట్లు. స్ప్రింగు దోచుకొను నాలుగైదు వాట్లకై ఇక ఎవరును దుఃఖింపనక్కర లేదు. విప్పెట్ నాటినుండి వచ్చిన తగవులో ఒక పక్షము బలము తగ్గినది. ఎక్కుటకు మోటారు కలదు గనుక వెనుక సస్పెన్షనును రాళ్లకొరకే దిద్దవచ్చును.

బరువు సంగతి విచిత్రమైనది. 80 కిలోగ్రాముల మనిషి, 14 కిలోగ్రాముల సైకిలు కలిసి 94. మోటారు, బ్యాటరీ గల సైకిలైనచో 104. స్ప్రింగుపై భారము నూటికి పది పైగా హెచ్చినది. గుంటలో పడినపుడు అడుగు తగులుట సులభము. అయితే ఆ పది కిలోగ్రాములలో అధికభాగము స్ప్రింగునకు పైన చేరినదే. చక్రము బరువు ఇంచుమించు అట్లేయున్నది. ఖాళీ బస్సు ఎగిరిపడును, నిండిన బస్సు నిలుకడగా పోవును. ఇచటను అంతే. రాయి తగిలినపుడు చక్రము లేచునుగాని పైభాగము అంతగా కదలదు. మోటారు వెనుక నాభిలో నున్నచో ఫలితము సరిగా తలక్రిందులగును. బోల్టన్ సైకిలును కొండదారికి తెచ్చియున్నచో దుర్భరమై యుండెడిది.

ఈ రెండు కారణములచేత అమెరికాలోని కాస్కేడ్ కాంపొనెంట్స్ వంటి చిన్న సంస్థలు కంపెనీ లింకులకు బదులు తాము మలచిన లింకులను అమ్మజొచ్చెను. వానిలో పలువాటి ఉద్దేశము మొదటి నిష్పత్తిని పెంచుట, మొదటికిని చివరకును భేదమును హెచ్చించుట. అయితే షాకు నొక్కుకొను దూరము మారదు గనుక, సగటు నిష్పత్తి 2.5 నుండి 2.6 అయినచో చక్రపు లేవడి 150 నుండి 156 మిల్లీమీటర్లగును. ఆ ఆరు మిల్లీమీటర్లకు చట్రములో చోటుండవలెను. స్ప్రింగు పూర్వముకంటె గట్టిది వేయవలసి వచ్చును. కూర్చొనగానే క్రుంగు దూరము మారి, పెడళ్లు నేలకు దగ్గరయ్యెనేని రాళ్లకు తగులును. కీళ్ల బేరింగులపై భారము మరువరాదు. పలు మోటార్లు 85 న్యూటన్-మీటర్ల వరకు తిప్పుబలము నిచ్చును. 70 కిలోగ్రాముల మనిషి 17 సెంటీమీటర్ల పెడలు దండముపై నిలువునా నిలిచినచో వచ్చునది సుమారు 117. రెండును కలిసి గొలుసును లాగునపుడు ఆ లాగుడంతయు ఈ కీళ్లగుండానే చట్రమునకు చేరును. వేరొకరి తునక బిగించినపుడు సైకిలు కంపెనీ పూచీ చెల్లునో లేదో ముందే అడిగి తెలిసికొనుట మంచిది.

తెలిసిన పనివాడు క్రొత్త లింకు బిగించిన తరువాత షాకులోని గాలి పూర్తిగా తీసివేయును. చుట్టల స్ప్రింగైనచో దానిని విప్పి వేరుచేయును. పిదప చక్రమును చేతితో చివరివరకు పైకెత్తి, టైరునకును సీటు గొట్టమునకును, లింకునకును చట్రమునకును నడుమ ఎంత సందున్నదో చూచును. సందున్నదని తెలిసిన పిదపనే మరల గాలి నింపి, మరలను చెప్పిన బిగువునకు బిగించి, మొదటి పరుగు ముగియగానే ఆ బిగువును మరియొకసారి పరీక్షించును.