విప్పి మళ్ళీ నిలబెట్టిన సంత

అన్నలూ, మొన్న ఆదివారం సింగపూర్‌లో మేం నలుగురం లౌ పా సాత్‌కు తినడానికి పోయినం. ఆ పేరుకు పాత సంత అని అర్థం. ఇప్పుడున్న కట్టడం 1894ది. మున్సిపల్ ఇంజనీరు జేమ్స్ మెక్‌రిచి ప్లాను. ఇంతకుముందు సముద్రం ఒడ్డునున్న సంతలాగే ఎనిమిది మూలలు పెట్టిండు. ఇనుమంతా స్కాట్లాండ్ గ్లాస్గోలో పోతపోసి ఓడల మీద తెచ్చినరు. 1973లో జాతీయ స్మారకం అయింది.

మా పనోళ్ళకు అసలు సంగతి 1986ది. ఎంఆర్‌టీ సొరంగం కోసం మొత్తం విప్పినరు! ముక్కలన్నీ భద్రంగా దాచి, పని అయినంక అక్కడనే మళ్ళీ బిగించినరు. పోత ఇనుము దెబ్బ తగిలితే పగులుతది, వెల్డింగ్‌కు సరిగ్గా పట్టదు. మా సైట్ల నిరుడు పాత షాపు చెక్క తలుపులు విప్పినం. నంబర్లు వెయ్యలేదు, తప్పు మాదే. పన్నెండు తలుపులు కూర్చోబెట్టనీకి తొమ్మిది దినాలు పట్టింది, రెండు ఇప్పటికీ సరిగ పడవు. ఆడ అన్ని స్తంభాలు, కమాన్లు, జాలీలు!

తినుడు అయినంక కూడా మేం పైకప్పే చూస్తా కూర్చున్నం. సాటే చల్లారిపోయింది.