బావ రాష్ట్రపతి, బావమరిది అజ్ఞాతవాసి

తరిమెల నాగిరెడ్డి గారి గురించి నాలుగు మాటలు. 'ఆయన అనంతపురం మనిషి, మన బళ్లారికేం సంబంధం?' అనకండి. 1882 దాకా అనంతపురం మన బళ్లారి జిల్లాలోనిదే. 1952లో ఆయన మొదటిసారి గెలిచినప్పుడు కూడా రెండు జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటూ మనం ఇటూ అయింది 1953 అక్టోబరులో.

1917లో శింగనమల దగ్గర తరిమెలలో, బాగా కలిగిన భూస్వాముల ఇంట పుట్టారు. రిషి వ్యాలీ, మద్రాసు లయోలా, ఆపైన కాశీ విశ్వవిద్యాలయం. అక్కడే కమ్యూనిస్టు అయ్యారు. యుద్ధం మీద చిన్న పుస్తకం రాస్తే తెల్లదొరలు జైల్లో పెట్టారు.

ఇక 1952. అనంతపురంలో కాంగ్రెస్ తరఫున నిలబడింది నీలం సంజీవరెడ్డి, అంటే సాక్షాత్తూ నాగిరెడ్డి గారి బావ. సోదరి నాగరత్నమ్మ గారి భర్త. అప్పటికి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడు కూడా. అంతటివాణ్ణి బావమరిది ఓడించాడు! మన సీమలో ఎన్నికలంటే ఇంటిపేరు, బంధుత్వం చూసే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. నా లెక్కలో ఆ ఓట్లు పార్టీకెన్నో, సొంత భూమి వదులుకున్న మనిషికీ అన్నే.

1957లో లోక్‌సభకు వెళ్లారు. 1964లో పార్టీ చీలితే మార్క్సిస్టుల వైపు నిలిచారు. 1967లో మళ్లీ అనంతపురం ఎమ్మెల్యే. అక్కడితో ఆగి ఉంటే పెద్ద పార్టీలో పెద్ద నాయకుడిగా మిగిలేవారు. 1969 మార్చిలో అసెంబ్లీకి రాజీనామా చేసి బయటికొచ్చేశారు. చట్టసభ వల్ల పేదవాడికి భూమి రాదన్నది ఆయన వాదన. నాకైతే ఇప్పటికీ ఆ నిర్ణయం పూర్తిగా మింగుడుపడదు. అంత గొంతున్నవాడు సభలో ఉండాల్సింది అనిపిస్తుంది.

అట్లాగని చారు మజుందార్ వెంటా పోలేదు. ప్రజల్ని కూడగట్టకుండా ఒక్కో భూస్వామిని చంపుకుంటూ పోతే విప్లవం కాదన్నారు. దాంతో నక్సల్బరీ వాళ్లకూ పరాయివాడయ్యారు. 1969 డిసెంబరులో మద్రాసులో అరెస్టు, హైదరాబాదు కుట్ర కేసు. కోర్టుకిచ్చిన వాంగ్మూలమే తర్వాత 'తాకట్టులో భారతదేశం' అనే లావుపాటి పుస్తకమైంది. విదేశీ పెట్టుబడి, అప్పులు, భూసంస్కరణలు అన్నీ సర్కారు లెక్కలతోనే నిలదీశారు. ముద్దాయి బోనులోంచి ఆర్థికశాస్త్రం చెప్పినవాళ్లు మనకెందరున్నారు?

1975లో దేవులపల్లి వెంకటేశ్వరరావు గారితో కలిసి పెట్టిన యూసీసీఆర్‌ఐ (ఎంఎల్) చాలా చిన్న పార్టీ. పెట్టిన రెండు నెలలకే ఎమర్జెన్సీ వచ్చింది. అజ్ఞాతంలో జబ్బుపడి, మారుపేరుతో ఉస్మానియా ఆసుపత్రిలో చేరి, 1976 జులై 28న కన్నుమూశారు. మరుసటి ఏడు జులై 25న ఢిల్లీలో బావగారు రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు.