హఫ్తా ఎక్కడ మొదలవుతుంది?

క్యాలెండరు ఏ వారంతో మొదలు కావాలి? మన గోడల మీది తెలుగు క్యాలెండర్లు ఎక్కువగా ఆదివారంతో మొదలవుతాయి. 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 సోమవారాన్ని ముందు పెట్టింది. మమ్మల్ని చూస్తే మాత్రం ఇంకో ప్రశ్న: 'మీకు శుక్రవారంతో గదా మొదలు?' మేమేదో వేరే కాలంలో బతుకుతున్నట్లు!

అరబ్బీ పేర్లు చూడండి. ఆదివారం 'అహద్', అంటే ఒకటి. సోమవారం రెండు, అట్లా గురువారం అయిదు. తర్వాత అందరూ కూడే జుమ్మా, ఆఖరున సబ్త్, అంటే శనివారం. మా లెక్క కూడా ఆదివారంతోనే మొదలు.

కళ్యాణదుర్గం వైపు మా దక్కనీ పేర్లు ఇంకా కలగలుపు. 'ఇత్వార్' ఆదిత్యవారమే. మంగల్, బుధ్ మీకూ మాకూ ఉమ్మడి. పీర్, జుమ్మేరాత్, జుమ్మా మా వైపువి. శనివారం 'హఫ్తా'. ఫార్సీలో 'హఫ్త్' అంటే ఏడు. గురువారాన్ని జుమ్మేరాత్, అంటే జుమ్మా రాత్రి అనడమెందుకు? హిజ్రీ లెక్కలో పొద్దు గూకితే మర్నాడు మొదలైనట్లే. దూదేకుల ఇళ్లల్లోనైతే ఇంటిభాషే తెలుగు.

మరి తగువెక్కడ? సెలవు దగ్గర. ఆదివారం సెలవు ఈ నేలలో పుట్టింది కాదు. 321లో రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్ దాన్ని శాసనం చేశాడు. ఇంగ్లీషోళ్లు దాన్ని మన కచేరీలకు తెచ్చారు. బొంబాయి మిల్లు కూలీలైతే లోఖండే నాయకత్వాన కొట్లాడి 1890లో సాధించుకున్నారు. నిజాం రాజ్యంలో 1948 దాకా శుక్రవారమే సెలవు. కానీ మా సీమను నిజాం 1800లోనే కంపెనీకి ధారపోశాడు. అందుకే ఇక్కడ సర్కారు వారం ఇంగ్లీషోళ్ల వారమయింది.

సెలవుతో దీన్ ముడిపడి లేదు. పాకిస్తాన్ 1977లో శుక్రవారం సెలవు పెట్టి, 1997లో మళ్లీ ఆదివారానికి మారింది. యూఏఈ 2022లో శని, ఆదివారాలకు జరిగి శుక్రవారం సగం పూట పని పెట్టుకుంది. జుమ్మా అజాన్ వింటే బేరం ఆపి రమ్మన్న ఖురానే, నమాజు ముగిశాక బతుకుతెరువు వెతుక్కోవడానికి పొమ్మంది.

కాబట్టి క్యాలెండరులో మొదటి గడి ఏ వారానిదైనా మాకు పేచీ లేదు. బడిలో పిల్లోనికి, శెనక్కాయ చేలో కూలోనికి శుక్రవారం మధ్యాహ్నం ఓ గంట కావాలి. ఆ గంట అడిగినందుకు మమ్మల్ని పరాయోళ్లను చేయొద్దు.